పిల్లల టీకా, పెద్దల రక్ష: హాంకాంగు నగరపు పూనిక



నేఁటి ప్రసంగమునకు విషయము ఇన్‌ఫ్లుయెంజా జ్వరము రాకుండ పిల్లలకు వేయు టీకా. టీకా గుణదోషములు చెప్పుటకు వైద్యులున్నారు. నేను ముప్పది యేండ్లకు పైఁగా బడిలో తెలుఁగును, చరిత్రమును బోధించినవాఁడను. కాఁబట్టి నేను చెప్పఁబూనినది దాని చరిత్రమును. ఒక ప్రభుత్వము ధనము తానిచ్చి, ప్రయివేటు వైద్యులచేత ఏఁటేఁట పసిపిల్లలకు టీకా వేయింప నెట్లు పూనుకొన్నది? ఆ పూనికలో నెగ్గిన దేది? నెగ్గని దేది? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుదము. పిల్లల మాటయే కదా యని పెద్దలు చెవి పెడఁబెట్టఁగూడదు. ఈ కథలో పిల్లవాని భుజమునకు గ్రుచ్చిన సూది తాత ప్రాణమును కాపాడిన ఘట్టము కూడ కలదు.

ఊళ్లకూళ్లు ఒక్కమాఱుగా మంచము పట్టు జాడ్యములను మన పూర్వు లెఱుఁగుదురు. చరకసంహితలో విమానస్థానమందలి మూఁడవ యధ్యాయమునకు జనపదోద్ధ్వంసనీయమని పేరు. పాంచాలదేశమున, కాంపిల్యమునొద్ద, గంగాతీరమున ఆత్రేయ మహర్షికిని శిష్యుఁడగు అగ్నివేశునకును నడచిన సంవాద మది. మనుష్యుల ప్రకృతులు వేఱు, ఆహారములు వేఱు, బలములు వేఱు, వయస్సులు వేఱు. అట్లుండఁగా ఒకే వ్యాధి ఒకే కాలమున జనపదము నెల్ల ఎట్లు ధ్వంసము చేయుచున్నదని శిష్యుని సందేహము. గాలి, నీరు, నేల, కాలము అను నాలుగును అందఱకును సామాన్యములు గనుక, అవి చెడినపు డందఱును చెడుదురని గురువుగారి సమాధానము. ఇటలీదేశస్థులును ఇట్టి యాలోచనయే చేసిరి. ఈ జ్వరము గ్రహముల ప్రభావమువలన వచ్చుచున్నదని తలఁచి, ప్రభావమను నర్థమిచ్చు తమ మాటనే దానికి పేరుగా పెట్టిరి. ఇన్‌ఫ్లుయెంజా యను పదమునకు పుట్టుక యిది.

దీని యుగ్రస్వరూపమును లోకము 1918లో చూచినది. మొదటి ప్రపంచయుద్ధము ముగియవచ్చు కాలమున, ఆ యేఁటి జూన్ మాసమున, ఈ జ్వరము బొంబాయి రేవున దిగినది. వానలు వెనుకపట్టిన పిదప రెండవమాఱు విజృంభించి, రైలుమార్గముల వెంబడి దేశమెల్ల ప్రాఁకినది. మన దేశమున కోటికి పైఁగా జనులు మరణించిరి. నేఁటి భారతదేశపు టెల్లలలోని జనసంఖ్య 1911లో 25 కోట్ల 21 లక్షలు; 1921లో 25 కోట్ల 13 లక్షలు. ఇరువదవ శతాబ్దమున మన జనసంఖ్య తగ్గిన దశాబ్ద మదియొక్కటే. ఆ తగ్గుదలకు ముఖ్యకారణ మీ జ్వరమే. మా తాతగారు దీనిని విషజ్వరమనెడివారు. ఆ సంవత్సరపు ముచ్చట వచ్చినప్పుడు, కాటికి మోయువారు దొరకని దినములని చెప్పి మౌనము వహించెడివారు.

నాఁటి వైద్యులకు శత్రు వెవఁడో తెలియదు. 1933లో లండను నగరమునందలి ముగ్గురు శాస్త్రజ్ఞులు, విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్లా యనువారు, జ్వరరోగి గొంతుకనుండి తీసిన ద్రవమును వడగట్టి, ముంగిసను బోలిన ఫెరెట్ అను జంతువు ముక్కులో వేసిరి. ఆ జంతువునకును పడిశము పట్టినది. మనుష్యునకు వచ్చు ఇన్‌ఫ్లుయెంజా వైరసు ఆ విధముగా తొలిసారి చేఁజిక్కినది. తరువాత కోడిగ్రుడ్లలో దానిని పెంచుట నేర్చిరి. అమెరికా సైన్యమునకై థామస్ ఫ్రాన్సిస్, జోనస్ సాల్క్ మొదలగువారు టీకాను సిద్ధపఱచిరి. 1945లో అది సామాన్యప్రజలకును లభించినది.

రెండేండ్లలోనే ఒక చిక్కు బయలుపడినది. 1947లో ఆ టీకా పనిచేయలేదు. కారణమేమన, వైరసు తన రూపమును మార్చుకొన్నది. మశూచికి టీకా ఏఁటేఁట వేయ నక్కఱలేకపోయెను. నా భుజముపై ఆ మచ్చ నేఁటికిని ఉన్నది. ఆ వ్యాధియే లోకమునుండి తొలఁగిపోయినది. ఇన్‌ఫ్లుయెంజా యట్టిది కాదు. ఇది పగటివేషగాని వంటిది. నిన్న ఫకీరు వేషమున వచ్చినవాఁడు నేఁడు కోమటి వేషమున వచ్చును. నిన్నటి వేషమును గుర్తుపెట్టుకొన్న కావలివాఁడు నేఁటి వేషమును పోల్చుకొనలేఁడు. కావుననే ప్రపంచారోగ్యసంస్థవారు ఏఁటికి రెండుమాఱులు, ఉత్తరార్ధగోళమునకై ఫిబ్రవరిలోను, దక్షిణార్ధగోళమునకై సెప్టెంబరులోను, రాఁబోవు ఋతువునకు టీకాలో ఏయే రకముల వైరసులు చేర్చవలెనో నిర్ణయించుచుందురు. టీకాయును ఏఁటేఁట వేయించుకొనవలసినదే. వైరసునకును టీకాకును చక్కగా పొసఁగిన యేఁడులలో కూడ జ్వరభయము నూటికి నలుబది మొదలు అఱువది పాళ్లవఱకు తగ్గును గాని పూర్తిగా పోదు. ఏఁటేఁట సూది, ఏఁటేఁట వ్యయము, అసంపూర్ణమైన రక్ష: ఈ మూఁడును కలియుటచేతనే దీనిని ఊరందఱకు వేయించుట పాలకులకు కష్టతరమైనది.

అందఱకు వేయుట కష్టమైనపుడు ముందెవరికి వేయవలెను? ఈ జ్వరమున ఎక్కువగా చనిపోవువారు వృద్ధులును, పసిబిడ్డలును. ఎక్కువగా వ్యాపింపఁజేయువారు బడిపిల్లలు. ఒక గదిలో నలుబదిమంది పిల్లలు దగ్గుచు, తుమ్ముచు, ఒకరి పలక నొకరు పుచ్చుకొనుచు కూర్చుండుట నేను ప్రతిదినమును చూచినవాఁడను. సోమవారమునాఁ డొకఁడు దగ్గిన, శుక్రవారమునకు సగము బెంచీలు ఖాళీ. పిల్లవాఁడు సాయంకాల మింటికి పోయి తాత యొడిలో కూర్చుండును. వాఁడు మూఁడు దినములలో లేచి ఆడుకొనును, తాత లేవకపోవచ్చును.

ఈ మర్మమును జపాను దేశమువారు ముందుగా గ్రహించిరి. 1957లో ఆసియా జ్వరమని పేరొందిన ఇన్‌ఫ్లుయెంజా లోకమును చుట్టివచ్చినది. ఆ యేఁటి మే నెలలో అది సింగపూరునుండి వచ్చిన యోడలో మదరాసు రేవున దిగి, మన దేశమునను వ్యాపించినది. దానివలన మిక్కిలి నష్టపోయిన జపాను, 1962 మొదలుగా బడిపిల్లలకు టీకా వేయింపసాగినది. 1970 దశాబ్దపు చివరిభాగమున దానిని నిర్బంధము చేసినది. తరువాత తల్లిదండ్రులలో శంకలు పుట్టినవి. టీకావలన హాని కలిగెనని వ్యాజ్యములు నడచినవి. మాయెబాషి యను నగరపు వైద్యులు, టీకా మాన్పినను తమ యూర పిల్లలకు వచ్చిన నష్టము లేదని ప్రకటించిరి. 1987లో నిర్బంధము సడలినది. 1994లో ఆ కార్యక్రమమే ఆఁగిపోయినది.

2001లో కొందఱు పరిశోధకులు జపాను మరణముల పట్టికలను తిరుగవేసి ఒక విశేషమును వెల్లడించిరి. బడిపిల్లలకు టీకా వేసిన కాలమున శీతకాలపు మరణములు తగ్గినవి. టీకా మానిన పిమ్మట తిరిగి పెరిగినవి. ఆ తగ్గుదల ముఖ్యముగా వృద్ధులలో కనఁబడినది. పిల్లల టీకాలు ఏఁటికి 37,000 మొదలు 49,000 వఱకు మరణములను ఆపినవనియు, 420 మంది పిల్లలకు టీకా వేసిన ఒక ప్రాణము నిలిచినదనియు వారు లెక్కగట్టిరి. ఈ లెక్కపై తరువాత వాదములు జరిగినవి. పట్టికలు చూచి చెప్పు మాటకును, పరీక్ష చేసి చెప్పు మాటకును భేదము కలదు కదా! ఆ పరీక్షయును జరిగినది. కెనడాదేశమున హటరైటులను క్రైస్తవశాఖవారు పల్లెలలో ఉమ్మడిగా కాపురముండి సేద్యము చేయుదురు. వారి పల్లెలలో కొన్నిఁటియందు పిల్లలకు ఇన్‌ఫ్లుయెంజా టీకాను, తక్కినవానియందు వేఱొక వ్యాధి టీకాను వేసిరి. 2010లో ప్రకటించిన ఫలితమిది: ఇన్‌ఫ్లుయెంజా టీకా పిల్లలకు వేసిన పల్లెలలో, టీకా లేని తక్కిన జనులకు కూడ ఆ జ్వరభయము నూటికి సుమారు అఱువది పాళ్లు తగ్గినది. చెఱువుగట్టున ఒకచోట మట్టి వేసిన, కట్టక్రింది పొలములన్నియు నిలిచినట్లు.

జపాను పద్ధతి నిర్బంధము. అమెరికావారి పద్ధతి వేఱు. అచ్చట 1989 మొదలు 1991 వఱకు తట్టు చెలరేఁగి 55,000 మందికి పైఁగా సోఁకినది; నూటికి పైఁగా మరణించిరి. పేదబిడ్డలు తమ వైద్యునియొద్దకు పోయినను, టీకాకు డబ్బు లేనందున ఆయన వారిని సర్కారు దవాఖానాకు పొమ్మనెడివాఁడు. పంపిన బిడ్డలలో అనేకు లచ్చటికి చేరనే లేదు. దానిపై 1993లో చట్టము చేసి, 1994 మొదలుగా ప్రభుత్వమే టీకాలను కొని ప్రయివేటు వైద్యులకు ఉచితముగా నిచ్చుట ప్రారంభించిరి. వైద్యుఁడు సూది వేసినందుకు స్వల్పరుసుము తీసికొనవచ్చును గాని, అది ఇచ్చుకొనలేని బిడ్డను త్రోసిపుచ్చరాదు. అచ్చట ప్రభుత్వ మిచ్చినది సరకు. హాంకాంగువా రిచ్చినది రొక్కము. ఇఁక ఆ కథకు వత్తము.

హాంకాంగు చీనాదేశపు దక్షిణతీరమందలి రేవుపట్టణము. నూటయేఁబది యేండ్లు ఆంగ్లేయుల యేలుబడిలో నుండి, 1997 జులైలో చీనాకు తిరిగి దక్కినది. ఇరుకు మేడలలో డెబ్బదిలక్షలమంది క్రిక్కిరిసి యుందురు. అంటుజాడ్యములు ఆ నగరమునకు క్రొత్తవి కావు. 1968లో లోకమెల్ల వ్యాపించిన యొక ఇన్‌ఫ్లుయెంజాకు హాంకాంగు జ్వరమనియే పేరు వచ్చినది. 1997లో కోళ్లజ్వరము పదునెనిమిదిమందికి సోఁకి ఆర్గురను బలిగొనఁగా, నగరమందలి కోళ్ల నన్నిఁటిని చంపించిరి. 2003లో సార్స్ వ్యాధి 1,755 మందికి వచ్చి 299 మందిని పొట్టఁబెట్టుకొన్నది. ఆ దెబ్బతో 2004లో ఆరోగ్యరక్షణ కేంద్రమును స్థాపించిరి.

2008 మార్చి నెలలో కొందఱు పిల్లలు జ్వరముతో మరణింపఁగా నగరమున భయము పుట్టినది. ప్రభుత్వము శిశుపాఠశాలలను, ప్రాథమిక పాఠశాలలను రెండువారములు మూసివేసినది. సుమారు అయిదులక్షలమంది పిల్ల లిండ్లలో నుండిరి. పాఠశాల మూయుట సులభమే. కాని పనికి పోవు తల్లి బిడ్డ నెవరికి అప్పగించును? ఏఁటేఁట బడులు మూయుటకంటె టీకా వేయించుట మేలను తలంపు బలపడినది. ఆ యేఁటి నవంబరులో బాలల ఇన్‌ఫ్లుయెంజా టీకా సహాయధన పథకము ఆరంభమైనది.

పథకపు స్వరూప మిట్టిది. ఆఱునెలలు నిండి ఆఱేండ్లు దాఁటని బిడ్డ యందుల కర్హుఁడు. ఆ నగరమున పెద్దజబ్బులకు సర్కారు ఆసుపత్రి, జలుబు దగ్గులకు వీథిలోని ప్రయివేటు వైద్యుఁడు, ఇది వాడుక. కావున టీకాకు క్రొత్తకొట్టములు కట్టక, ఆ వీథి వైద్యులనే ప్రభుత్వము పిలిచినది. ఇష్టమైన వైద్యుఁడు పథకమున పేరు నమోదు చేసికొనును. టీకాను తానే బజారున కొనును. ఒక్కొక్క మోతాదునకు ప్రభుత్వ మాతనికి 80 హాంకాంగు డాలర్లిచ్చును. అంతకుమించి కొంత రుసుమును తల్లిదండ్రులయొద్ద పుచ్చుకొనవచ్చును. కాని ఎంత పుచ్చుకొనునో ముందుగా అందఱకు కనఁబడునట్లు ప్రకటింపవలెను. బిడ్డ జననపత్రమును చూచి, తల్లిదండ్రుల సమ్మతిపత్రముపై వ్రాలు తీసికొని, వివరములను లెక్కలయంత్రమున ఎక్కించిన, రొక్కము వైద్యుని బ్యాంకుఖాతాలో పడును. తొమ్మిదేండ్లలోపు బిడ్డకు మొదటిసారి టీకా యైన, నాలుగువారముల యెడముతో రెండు మోతాదులు వేయవలెను. కడుపేదల బిడ్డలకు సర్కారు కేంద్రములలో ఉచితముగనే వేయుదురు.

వినుటకు చక్కఁగానే యున్నది. నడపుటలో చిక్కులు వైద్యుని గదిలో మొదలగును. టీకా 2 మొదలు 8 డిగ్రీల చల్లదనములో నుండవలెను. పాలకుండవలె బయటఁ బెట్టిన చెడును. ప్రతిదినము ఆ చల్లదనమును కొలిచి వ్రాసికొనవలెను. ఎన్ని మోతాదులు చెల్లునో శరత్తునకు ముందే యూహించి తెప్పింపవలెను. తక్కువ తెప్పించిన వచ్చిన తల్లిని త్రిప్పిపంపవలెను. ఎక్కువ తెప్పించిన మిగిలినది మఱుసటి యేఁటికి పనికిరాదు, నష్టము వైద్యునిదే. పసిబిడ్డ యేడ్చుచుండఁగా సముదాయించి, సూది వేసి, కొంతసే పచ్చటనే యుంచి చూచి పంపవలెను. ఇంత శ్రమకు 80 డాలర్లు చాలవని యెంచిన వైద్యుఁడు పైరుసుము పెంచును. పైరుసుము పెరిగిన తల్లి వెనుదీయును. బడుగు కూలిదాని బిడ్డకు, అన్నిఁటికంటె, ఆ పైరుసుమే గోడ. రెండు మోతాదులన్న రెండు దినముల కూలి కూడ పోవును.

ధనము మాత్రమే చాలదనుటకు 2009 సంవత్సరము సాక్షి. ఆ యేఁడు పందిజ్వరమను క్రొత్త ఇన్‌ఫ్లుయెంజా పుట్టినది. ప్రభుత్వము ముప్పదిలక్షల మోతాదులు కొన్నది. కాని టీకా వచ్చునప్పటికి జ్వరము తగ్గుముఖము పట్టినది. టీకా హానికరమను వదంతులును వ్యాపించినవి. కొన్నదానిలో మిక్కిలి కొలఁదిభాగమే ఉపయోగపడినది. మందు గిడ్డంగిలో నున్నను నమ్మకము జనుల మనస్సులో లేనిచో, ఆ మందు రక్షింపదు.

ఐనను వారు పథకమును విడువలేదు. సహాయధనమును క్రమముగా పెంచిరి. 2016లో పిల్లల పథకమును వృద్ధుల పథకముతో కలిపి, పండ్రెండేండ్లలోపు పిల్లల నందఱను చేర్చి, మోతాదునకు 190 డాలర్ల చొప్పున నిచ్చిరి. 2023 నాఁటికి ఆ మొత్తము 260 అయ్యెను, వయోమితి పదునెనిమిదేండ్లకు చేరెను. అట్లయ్యును వైద్యుని గడపకు రాని పిల్లలు రానే లేదు. 2018 ఫిబ్రవరిలో జ్వరము ముదిరి, చీనా సంవత్సరాది సెలవులకు ముందుగనే శిశుపాఠశాలలను, ప్రాథమిక పాఠశాలలను మరల మూయవలసివచ్చినది. పదేండ్లు గడచినను తిరిగి అదే తాళము, అదే తలుపు!

అప్పుడు వారు దారి మార్చిరి. బిడ్డ వైద్యునియొద్దకు రానిచో వైద్యుఁడే బిడ్డయొద్దకు పోవలెనని నిశ్చయించి, ఆ యేఁటి శరత్తుననే ప్రాథమిక పాఠశాలలకు టీకా బృందములను పంపిరి. టీకాను ప్రభుత్వమే కొన్నది. సూది వేసినవారిలో సర్కారువారును ఉండిరి, ప్రయివేటు వైద్యులును ఉండిరి. తల్లిదండ్రులు సమ్మతిపత్రముపై వ్రాలు చేసి పంపిన చాలును. పైరుసుము లేదు, కూలిదినము పోదు. టీకా వేయించుకొన్న బడిపిల్లల సంఖ్య ఒక్కసారిగా మిక్కిలి పెరిగినది. మఱుసటి యేఁటినుండి అది నిత్యకార్యక్రమమైనది. ప్రయివేటు వైద్యుల పథకమును మాన్పలేదు. బడికి రాని పసికూనలకును, బడినాఁడు జ్వరముతో ఇంటనున్న పిల్లలకును అది నేఁటికిని ఆధారము.

ఈ చరిత్రమునుండి నాకు తోఁచిన తాత్పర్యము మూఁడు మాటలలో చెప్పెదను. నిర్బంధము తొందరగా పనిచేయును. కాని శంక పుట్టిననాఁడు జపానులోవలె మొదలంట కూలును. సహాయధనము మర్యాదగల మార్గము. కాని పైరుసుము, దూరము, తీరిక లేమి అను మూఁడు గడపలను అది యొంటరిగా దాఁటలేదు. సమ్మతిని అడిగి, వెల తీసికొనక, పిల్ల లుండుచోటికే పోయిన పద్ధతి ఎక్కువమందికి అందినది.

మన మాట కూడ కొంచెము చెప్పవలెను. ప్రభుత్వము ధనమిచ్చి ప్రయివేటు ఆసుపత్రిలో వైద్యము చేయించుట తెలుఁగువారికి వింత కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ అట్టిదే. కాని అది జబ్బు వచ్చిన పిమ్మటి యుపాయము. టీకా జబ్బునకు ముందటి యుపాయము. ఇల్లు తగులఁబడిన పిమ్మట నీళ్లు మోయుట యొకటి, దీపమును గడ్డివామికి దూరముగా పెట్టుట మఱొకటి. మన దేశపు సార్వత్రిక టీకా కార్యక్రమమున ఇన్‌ఫ్లుయెంజా టీకా చేరలేదు. శిశువైద్యుల సంఘమువారు ఆఱునెలలు మొదలు అయిదేండ్లవఱకు ఏఁటేఁట వేయింపుఁడని చెప్పుచున్నారు. వేయించువారు సొంతసొమ్ముతో పట్నపు వైద్యునియొద్ద వేయించుచున్నారు. పల్లెలోని కూలివాని బిడ్డకు అది అందని పండు. క్షయ, పోలియో, తట్టు మొదలగు వానికి టీకా లుచితముగా లభించు మన దేశమున, పరిమితమైన ధనమును ముందుగా దేనికి వెచ్చింపవలెనను ప్రశ్న న్యాయమైనదే. ఆ తూకము వేయువారు వైద్యుల మాటతోపాటు హాంకాంగువారి యనుభవమును కూడ తక్కెడలో పెట్టవలెనని నా విన్నపము.

పెద్దలారా! ప్రభుత్వము చేయువఱకు మనము చేయఁదగినదియు కలదు. మన దేశమున ఈ జ్వరము వానకాలమునను, చలికాలమునను రెండుమాఱులు ముదురుచుండును. తొలకరికి ముందే ఆరోగ్యకేంద్రపు వైద్యుని పిలిచి, మన యూర ఏ బిడ్డకు, ఏ వృద్ధునకు ఈ టీకా అవసరమో యడుగుఁడు. ఉబ్బసము, గుండెజబ్బు గలవారిని ముందు చూపుఁడు. టీకా వేయించినపుడు చేయి నొప్పి, కొంచెము వేఁడి కలుగవచ్చునని తల్లులకు ముందుగా చెప్పుఁడు. ముందు చెప్పిన మాట ధైర్యము, వెనుక చెప్పిన మాట సాకు. జ్వరము వచ్చిన పిల్లవానిని హాజరుపట్టీకై బడికి తోలకుఁడు. ఊర వదంతి పుట్టినపుడు అరుగుమీఁద కూర్చున్న పెద్దమనిషి పలుకు ఒక్కటి, పట్నమున అచ్చువేసి పంచిన వేయి కాగితములకంటె ఎక్కువ పనిచేయును.

గాలియు నీరును అందఱకు సామాన్యములని ఆత్రేయుఁడు సెలవిచ్చెను. ఒకరి బిడ్డ దగ్గు మఱొకరి తాతకు మృత్యువగుట ఆ సామాన్యత్వమునకు ఒక ముఖము. ఒకరి బిడ్డ టీకా మఱొకరి తాతకు ఆయువగుట రెండవ ముఖము. ఏ ముఖమును చూడవలెనో నిర్ణయించుకొనుట మన చేతిలోనే యున్నది.